పెల్లెట్ రేటు, గురి లెక్క: జాతర బెలూన్ నుంచి ఒలింపిక్ చుక్క దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో మాటల్లో చెప్పినదాన్ని ఇక్కడ కొంచెం సర్ది రాస్తున్నాను. ఈసారి లెక్కలు ఎక్కువ. బస్సులో చెవిలో పెట్టుకుని వింటే లెక్క జారిపోతుంది, కంటితో చూస్తే నిలబడుతుంది.

విషయం ఎయిర్‌గన్‌లో వేసే పెల్లెట్. చిన్న సీసం ముక్క, బరువు అర గ్రాము. చవకది కొనాలా, ఖరీదైనది కొనాలా? ఈ ఒక్క ప్రశ్నకు రెండు వందల ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. సైటులో మనం రోజూ వేసుకునే ప్రశ్న కూడా ఇదే కదా. కటింగ్ డిస్క్ ఏది తేవాలి, డ్రిల్ బిట్ ఏది తేవాలి, ఎక్కడ పైసా పెట్టాలి, ఎక్కడ ఆపాలి. అందుకే ఈ కథ మనకు బాగా అర్థమవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఇంటి దగ్గర నా మేనల్లుడు ఈ ఆటలో పడ్డాడు. పెల్లెట్ల డబ్బు అడుగుతున్నాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

జాతర తుపాకీ

మనలో చాలామంది మొదట పట్టుకున్న తుపాకీ జాతరలోదే. ఒక చెక్క పలక, దానికి వరసగా కట్టిన రంగు బెలూన్లు. ఇటు బల్ల మీద గొలుసుతో కట్టేసిన పాత ఎయిర్‌గన్. దుకాణం వాడు గొట్టం విరిచి పెల్లెట్ పెట్టి ఇస్తాడు. హైదరాబాదులో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్ చూసినా, ఊళ్లో తిరునాళ్లు చూసినా ఈ అంగడి కనిపించేది.

ఆ అంగడి వాడు ఏ పెల్లెట్ వాడతాడు? మార్కెట్లో అన్నిటికంటే చవకది. అది తప్పా? కానే కాదు. వాడి లెక్క నూటికి నూరు పాళ్లు సరైనది. బెలూన్ వెడల్పు జానెడు. దూరం నాలుగైదు అడుగులు. పెల్లెట్ అటూ ఇటూ రెండు అంగుళాలు పోయినా బెలూన్ పగులుతుంది. అక్కడ జర్మనీ పెల్లెట్ వేస్తే లాభం సున్నా.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. చవకదనం ఒక్కటే తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఎదురుగా ఉన్న గురి ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

గాలి తుపాకీకి గుండు కుదరాలి

1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యానికి గిరాండోనీ అనే తుపాకీ తయారీదారు ఒక గాలి రైఫిల్ చేసిచ్చాడు. మందు లేదు, పొగ లేదు. వెనక భాగంలో ఇనుప బుడ్డి, దాని నిండా పంపుతో గాలి కొట్టాలి. నిండడానికి దాదాపు 1,500 సార్లు కొట్టాలి. పక్కన ఉన్న గొట్టంలో ఇరవై పైచిలుకు సీసం గుళ్లు పట్టేవి. ఆ రోజుల్లో సిపాయి ఒక్కసారి కాల్చి మళ్లీ మందు కూరుకునేవాడు. అలాంటి కాలంలో ఇది పెద్ద విచిత్రం. 1803 నుంచి 1806 దాకా అమెరికా పడమటి దిక్కుకు వెళ్లిన లూయిస్, క్లార్క్ యాత్రలో కూడా ఒక గాలి రైఫిల్ ఉంది. దారిలో కలిసిన స్థానిక తెగల ముందు దాన్ని కాల్చి చూపించేవారు.

గాలి తుపాకీకి ఒక గుణం ఉంది. మందు తుపాకీలో బలం కావలసినంత ఉంటుంది. గుండు కొంచెం వదులుగా ఉన్నా తోసేస్తుంది. గాలిలో అంత మిగులు బలం లేదు. గుండు వదులైతే పక్క నుంచి గాలి పారిపోతుంది. బిగువైతే రాపిడికే బలం అయిపోతుంది. కాబట్టి గాలి తుపాకీ పుట్టిన రోజు నుంచే దాని పనితనం గుండు కొలత మీద ఆధారపడింది.

అదే కాలంలో ఇంగ్లండులో గుళ్ల రేటు దించే పని కూడా జరిగింది. బ్రిస్టల్ ఊళ్లో విలియం వాట్స్ అనే ఆయన, వృత్తికి ప్లంబర్, 1782లో పేటెంట్ తీసుకున్నాడు. కరిగిన సీసాన్ని ఎత్తు నుంచి జల్లెడ గుండా కిందికి వదలాలి. చుక్కలు పడుతూ పడుతూ గుండ్రంగా మారతాయి, కింద నీళ్లలో పడి గట్టిపడతాయి. దీనికోసం ఆయన తన ఇంటి మీదికి గోపురం లేపాడు, కిందికి గొయ్యి తవ్వాడు. కట్టుబడి పనివాళ్లం మనకు ఆ ఇల్లు కళ్ల ముందు కనిపిస్తుంది. అచ్చులో ఒక్కొక్కటే పోసే పని పోయింది, రాశులుగా చిన్న గుళ్లు వచ్చాయి. చవకగా, వేగంగా. అయితే అన్నీ ఒకే కొలతలో రావు, జల్లించి వేరు చేసుకోవాలి. చవకకూ కొలతకూ మధ్య బేరం అప్పుడే మొదలైంది.

గాలిమర కంపెనీ తుపాకీ

అమెరికాలో మిచిగాన్ రాష్ట్రం, ప్లిమత్ ఊరు. అక్కడ పొలాలకు నీళ్లు తోడే ఇనుప గాలిమరలు చేసే కంపెనీ ఒకటుండేది. 1888లో వాళ్ల చేతికి ఒక ఎయిర్‌గన్ నమూనా వచ్చింది. గాలిమర కొన్న రైతుకు ఎయిర్‌గన్ ఇచ్చేవారు. కొన్నాళ్లకు జనం గాలిమర వదిలి తుపాకీ అడగసాగారు. 1895లో కంపెనీ పేరే డైసీగా మారింది.

మొదట్లో ఆ తుపాకీలో వేసింది వేటకు వాడే సీసం రవ్వ. బీబీ అనే సైజు, అంగుళంలో వెయ్యికి 180 పాళ్లు. 1900 తర్వాత డైసీ వాళ్లు గొట్టాన్ని 175 పాళ్లకు తగ్గించి, దానికి సరిపోయే గుళ్లు వాళ్లే అమ్మడం మొదలుపెట్టారు. వినడానికి ఐదు పాళ్ల తేడానే. కానీ గోళం కాబట్టి మూడుసార్లు గుణించాలి. లెక్క కడితే గుండుకు 8 శాతం సీసం తగ్గింది. సీసం తగ్గితే ఖర్చు తగ్గింది, బరువు తగ్గితే వేగం పెరిగింది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

తర్వాత 1920ల్లో మిన్నియాపోలిస్‌లో ఒక బేరింగ్ కంపెనీ పారేసిన ఉక్కు గుళ్లను పిల్లలు ఏరుకుని ఎయిర్‌గన్‌లో వేసుకోవడం మొదలుపెట్టారు. ఊరికే దొరికే సరుకు. కానీ కొలత సరిగ్గా లేక అవి గొట్టాన్ని పాడుచేశాయి. చివరికి ఆ కంపెనీయే సరైన కొలతలో ఉక్కు గుళ్లు చేసి అమ్మింది. అవే నిలబడ్డాయి. ఉక్కు సీసం కంటే చవక, తేలిక, నున్నన.

మరి పోయిందేమిటి? ఉక్కు గట్టిది. గొట్టం లోపలి మెలిక గాళ్లను పట్టుకోలేదు. పట్టుకోకపోతే తిరగదు, తిరగకపోతే నిలకడగా పోదు. అందుకే ఉక్కు గుండుకు లోపల నున్నటి గొట్టమే పెట్టారు. పైగా గట్టి గోడకు తగిలితే సీసం నలిగి పడిపోతుంది, ఉక్కు వెనక్కి ఎగిరొస్తుంది. అద్దాలు లేకుండా కాలిస్తే కన్ను పోవచ్చు. డబ్బా మీద రాసిన రేటులో ఈ ఖర్చు కనిపించదు.

బుడబుక్క ఆకారం

గుండ్రటి గుండు నుంచి ఇప్పటి పెల్లెట్‌కు మలుపు 1905 ప్రాంతంలో వచ్చింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కు చెందిన లింకన్ జెఫ్రీస్ గీసిన ఎయిర్ రైఫిల్‌ను బీఎస్ఏ కంపెనీ తయారు చేయడం మొదలుపెట్టింది. మెలిక గాళ్లున్న మంచి గొట్టం. ఆ కాలంలోనే వాడుకలోకి వచ్చింది నడుము సన్నగా ఉండే డయాబోలో పెల్లెట్. మన బుడబుక్కల వాడి చేతిలో బుడబుక్క ఎలా ఉంటుందో అలా అన్నమాట. ముందు తల, మధ్యలో నడుము, వెనక డొల్లగా ఉండే పావడా.

పావడా పలచన. వెనక నుంచి గాలి కొట్టగానే అది విచ్చుకుని గాళ్లను పట్టుకుంటుంది, గాలి పారిపోకుండా మూత పడుతుంది. నడుము సన్నం కాబట్టి రాపిడి తక్కువ. బయటికొచ్చాక తోక వైపు గాలి పట్టుకుని, షటిల్ కాక్ లాగా తలను ఎప్పుడూ ముందుకే ఉంచుతుంది. తక్కువ బలంతో ఎక్కువ నిలకడ.

దీనికీ ఒక బలహీనత ఉంది. పావడా పలచన కాబట్టి నొక్కుకుపోతుంది. డబ్బాలో కుప్పగా పోసి ఊరూరా కుదుపుల్లో తెస్తే సగం పెల్లెట్లకు చిన్న సొట్టలు పడతాయి. సొట్ట పడింది ఒక పక్కకు ఎక్కువ గాలి వదులుతుంది, పక్కకు పోతుంది. కంటికి కనపడేంత సొట్ట కూడా అక్కర్లేదు.

పది మీటర్లు, అర మిల్లీమీటరు

1966లో ప్రపంచ షూటింగ్ పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చేరింది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్ ఆట అయింది. ఎయిర్ పిస్టల్ 1988 సియోల్‌లో వచ్చింది.

కొలతలు చూడండి. ఎయిర్ రైఫిల్ లక్ష్యం మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటరు. పెన్సిల్ ములుకుతో పెట్టిన చుక్క. తొమ్మిది పాయింట్ల వలయం 5.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు చుక్కను తాకితే చాలు, పది వస్తుంది. అంటే పెల్లెట్ మధ్యభాగం లక్ష్యం మధ్య నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపల పడాలి. ఆ 2.5 ని మళ్లీ పది భాగాలు చేసి 10.0 నుంచి 10.9 దాకా లెక్కిస్తారు. కాబట్టి 0.1 పాయింటు అంటే పావు మిల్లీమీటరు.

పోటీ రైఫిల్ పెల్లెట్ బరువు 0.53 గ్రాము చుట్టుపక్కల, వేగం సెకనుకు 170 మీటర్ల ప్రాంతం. పది మీటర్లు పోవడానికి సెకనులో వందకు ఆరు పాళ్లు. ఈ దూరంలో ఇంకా వేగం ఎందుకూ పనికిరాదు. బలంగా కొట్టే పెల్లెట్ అని అమ్మేది వేరే పనికి. ఇక్కడ కావలసింది ప్రతిసారీ ఒకేలా పోయే పెల్లెట్. తల కూడా బల్లపరుపుగా ఉంటుంది. కాగితం మీద పంచ్ చేసినట్టు శుభ్రమైన చిల్లు పడడానికి అలా చేశారు. 40, 50 మీటర్ల దూరం కాల్చేవాళ్లు గుండ్రటి తల ఉన్నది వాడతారు. బల్లపరుపు తల గాలిని ఎదుర్కొని తొందరగా వేగం కోల్పోతుంది.

మన గగన్, ఇక్కడి మార్టీనా

గగన్ నారంగ్ పుట్టింది చెన్నైలో, పెరిగింది హైదరాబాదులో. 1997లో తండ్రి ఎయిర్ పిస్టల్ కొనిచ్చాడు. బేగంపేటలో ఇంటి పెరట్లోనే మొదటి సాధన. 2003 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. కొడుకు రైఫిల్ కోసం తల్లిదండ్రులు ఆస్తి అమ్ముకున్నారని పత్రికలు చాలాసార్లు రాశాయి.

2008 బీజింగ్. 60 షాట్లు, 600 పాయింట్లు. గగన్‌కు 595 వచ్చాయి. అవే పాయింట్లు వచ్చిన ఇంకొకరితో పోల్చి చివరి వరస షాట్లు చూశారు. గగన్ ఫైనల్ బయట ఆగిపోయాడు. 596 కొట్టిన అభినవ్ బింద్రా ఫైనల్‌కు వెళ్లి 700.5తో స్వర్ణం తెచ్చాడు. ఇద్దరి మధ్య తేడా ఒక్క పాయింటు.

2012 లండన్. గగన్ 598 కొట్టాడు. 60 షాట్లలో పోగొట్టుకున్నది రెండే పాయింట్లు. రొమేనియా మోల్డొవియాను, ఇటలీ కంప్రియానీ 599 చొప్పున కొట్టారు. ఫైనల్లో గగన్ 103.1, కంప్రియానీ 102.5. మొత్తం మీద మోల్డొవియాను 702.1, కంప్రియానీ 701.5, గగన్ 701.1. మనవాడికి కాంస్యం. వెండికీ కంచుకీ తేడా 0.4. ఫైనల్ కొలతలో అది ఒక మిల్లీమీటరు.

ఇప్పుడు మనం ఉన్న ఊరికి రండి. 2010 ఆగస్టులో మొదటి యూత్ ఒలింపిక్స్ సింగపూర్‌లో జరిగాయి. షూటింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ మాత్రమే పెట్టారు. 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో కామన్వెల్త్ క్రీడలు. ఆడవాళ్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్లో సింగపూర్ అమ్మాయి మార్టీనా వెలోసో, మన దేశపు మెహులీ ఘోష్ ఇద్దరికీ 247.2. మెహులీ చివరి షాట్ 10.9, అంతకు మించి ఎవరూ కొట్టలేరు. సమానం కాబట్టి ఇంకో షాట్. మార్టీనాకు 10.3, మెహులీకి 9.9. స్వర్ణం సింగపూర్‌కు. అక్కడా తేడా 0.4, ఒక్క మిల్లీమీటరు.

ఈ గెలుపు ఓటములు పెల్లెట్ వల్ల వచ్చాయని నేను అనడం లేదు. గెలిపించేది మనిషే. కానీ ఒక మిల్లీమీటరు దగ్గర పతకం రంగు మారే చోట పెల్లెట్ తన వంతుగా రెండు మిల్లీమీటర్లు తప్పు చేస్తానంటే ఒప్పుకోలేం కదా.

డబ్బు ఎక్కడికి పోతుంది

500 పెల్లెట్ల టిన్నులో ఉన్న సీసం 265 గ్రాములు. ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచ మార్కెట్లో సీసం టన్ను రెండు వేల అమెరికా డాలర్ల చుట్టుపక్కల ఉంటోంది. అంటే టిన్నులో ఉన్న లోహం విలువ అర డాలరు. చవక టిన్నులోనూ అంతే, ఖరీదు టిన్నులోనూ అంతే.

మిగతా డబ్బంతా ఒకేలా ఉండడానికే. పెల్లెట్ నొక్కే అచ్చు అరుగుతూ ఉంటుంది. చవక కంపెనీ దాన్ని చివరిదాకా వాడుతుంది. మంచి కంపెనీ ముందే తీసేస్తుంది. తర్వాత తూకం, ఏరివేత, సొట్టలు పడకుండా ప్యాకింగ్. తల కొలత 4.49, 4.50, 4.51 అని మిల్లీమీటరులో వందో వంతు తేడాతో వేరు చేసి అమ్ముతారు. జర్మనీలో ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్, చెక్ దేశంలో జేఎస్‌బీ ఈ పనికి పేరున్న కంపెనీలు. వీటిలో హెచ్ అండ్ ఎన్ 1825 నాటిది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు. ఎక్కువ రేటు పెడితే నీ గొట్టానికి మంచి పెల్లెట్ వస్తుందని రాతకోతలేం లేవు. ప్రతి గొట్టం వేరు. అందుకే పెద్ద షూటర్లు రైఫిల్‌ను బిగింపులో కట్టేసి, ఒక్కో తయారీ లాట్ నుంచి పది పది షాట్లు కాల్చి, ఏది చిన్న గ్రూప్ చేస్తే ఆ లాట్ మొత్తం కొనిపెట్టుకుంటారు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రేటు, కానీ లాట్ మారితే గ్రూప్ మారుతుంది. కాంక్రీటు బండి బండికీ క్యూబ్ టెస్ట్ చేసినట్టే. చలాన్ మీద గ్రేడ్ రాసుంది కదా అని వదిలేస్తామా?

3-4-5 తాడు చెప్పే లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎవరికి ఏ పెల్లెట్?

పునాది ముగ్గు పోసేటప్పుడు మూల సరిచూడడానికి 3-4-5 పట్టేది మనందరికీ తెలుసు. ఒక పక్క 3, ఇంకో పక్క 4 అయితే అడ్డం 5 వస్తుంది, 7 రాదు. తప్పులు కలిసేది కూడా ఇలాగే. చేతి తప్పు ఒక దిక్కు, పెల్లెట్ తప్పు ఒక దిక్కు. రెండూ నేరుగా కూడవు, తాడు లాగా అడ్డంగా కలుస్తాయి.

కొత్తగా నేర్చుకునే పిల్లవాడు. చేతి తప్పు 15 మిల్లీమీటర్లు. చవక పెల్లెట్ తప్పు 2 మిల్లీమీటర్లు. 15 ని 15 తో గుణిస్తే 225, 2 ని 2 తో గుణిస్తే 4. మొత్తం 229, దాని వర్గమూలం 15.13. ఇప్పుడు ఖరీదైన పెల్లెట్ ఇద్దాం, దాని తప్పు అర మిల్లీమీటరు. లెక్క 15.01 వస్తుంది. టిన్నుకు మూడింతలు పెట్టి మిగుల్చుకున్నది 0.12 మిల్లీమీటరు. వెంట్రుక మందం.

చేయి తిరిగిన షూటర్. చేతి తప్పు 2 మిల్లీమీటర్లు. చవక పెల్లెట్‌తో 2.83. మంచి పెల్లెట్‌తో 2.06. పది పడాలంటే 2.5 లోపల ఉండాలని చెప్పుకున్నాం కదా. ఒకటి లోపల, ఒకటి బయట.

అదే పెల్లెట్, అదే రేటు తేడా. ఒకరికి దండగ, ఇంకొకరికి ప్రాణం. పునాది తవ్వే ఎక్స్‌కవేటర్ పక్కన మిల్లీమీటరు పరికరం పెట్టం, లిఫ్ట్ రైలు బిగించేటప్పుడు అది లేకుండా పని మొదలుపెట్టం. ఇదీ అంతే.

మేనల్లుడి టిన్నులు

ఇక మా వాడి సంగతి. పదిహేనేళ్లు. హైదరాబాదులో ఒక క్లబ్బు రైఫిల్‌తో ఏడాదిగా నేర్చుకుంటున్నాడు. అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, వాడి తోటి పిల్లలంతా జర్మనీ పెల్లెట్లే వాడుతున్నారంట, మావాడు చవకవి కాల్చి వెనకబడుతున్నాడంట" అంది. రోజుకు 100 షాట్లు, నెలకు 25 రోజులు అనుకున్నా 2,500 పెల్లెట్లు, ఐదు టిన్నులు. అది నాకు నాలుగు ఆదివారాల ఓటీ డబ్బు. ప్రతి నెలా. అదే డబ్బు మా అమ్మాయి కాలేజీ ఫీజుకు కూడా కావాలి.

వాడితో వాట్సాప్‌లో మాట్లాడాను. "నీ టార్గెట్ కాగితాలు పది, పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యి" అన్నాను. చూస్తే గ్రూప్ వెడల్పు 30 మిల్లీమీటర్లు. పైన చెప్పిన 15 ఇదే. 3-4-5 లెక్క రాసి పంపాను. కాసేపటికి, "అంటే తప్పు నాదేనా మామా?" అన్నాడు. "తప్పు కాదురా, నువ్వింకా నేర్చుకుంటున్నావు. నేర్చుకునేదానికి టిన్ను మార్చితే రాదు" అన్నాను.

వాళ్ల కోచ్ మంచివాడు. ఒక ఆదివారం రైఫిల్‌ను బిగింపులో పెట్టి నాలుగు రకాలు పరీక్షించాడు. అన్నిటికంటే ఖరీదైనది మొదటి స్థానంలో రాలేదు. మధ్య రేటుది ఒకటి ఆ గొట్టానికి బాగా కుదిరింది. మరీ చవకది మాత్రం ఒక్కో షాట్ ఎక్కడికో పోయింది. కోచ్ ఇంకో మాట చెప్పాడు, అది నాకు బాగా నచ్చింది. పోటీ రైఫిళ్లలో పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకు ఏర్పాటు ఉంటుంది. గోడ మీద చుక్క పెట్టుకుని అలా రోజుకు వంద నొక్కితే పైసా ఖర్చు లేకుండా చేయి నిలబడుతుంది. పెద్ద షూటర్లంతా చేసే పనే. ఒక్క జాగ్రత్త, జాతరలో ఉండే స్ప్రింగు తుపాకీతో అలా ఖాళీగా నొక్కకూడదు, లోపలి పిస్టన్ దెబ్బతింటుంది.

చివరికి మేం కుదుర్చుకున్నది ఇది. సగం సాధన ఖాళీగా. మిగతా సాధనకు ఆ మధ్య రేటు పెల్లెట్. నెలకు ఐదు టిన్నులు కాస్తా రెండున్నర అయ్యాయి. పోటీకి మూడు వారాల ముందు నుంచి పోటీలో వాడే లాట్‌తోనే కాల్చాలి. పెల్లెట్ మారితే తగిలే చోటు కూడా కొంచెం జరుగుతుంది, సైటు మళ్లీ సరిచేసుకోవాలి. వాడి గ్రూప్ 10 మిల్లీమీటర్లకు వచ్చిన రోజు ఖరీదైన టిన్నుల సంగతి మళ్లీ మాట్లాడతాం. అప్పుడు నేను ఓటీ చేసి పంపుతాను, మారు మాట్లాడను. అక్కకు మొదట కోపం వచ్చింది, కొడుక్కు తక్కువ చేస్తున్నానని. ఎక్కువ పంపడం సులువు, అక్కా. సరైన చోటికి పంపడమే కష్టం.

ఇక్కడున్నవాళ్లకు రెండు మాటలు

ఒకటి, చట్టం. సింగపూర్‌లో ఎయిర్‌గన్ ఆటబొమ్మ కాదు. చట్టం లెక్కలో అది తుపాకీయే, లైసెన్సు లేకుండా దగ్గర ఉండకూడదు. 2021లో పార్లమెంటు తుపాకులు, పేలుడు పదార్థాలు, ఆయుధాల మీద కొత్త చట్టం కూడా చేసింది. మన ఊళ్లో అంగట్లో అమ్ముతారు కదా అని ఇక్కడ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. ఊరికి వెళ్లేటప్పుడు తమ్ముడికో అల్లుడికో అని పెల్లెట్లు, ఎయిర్‌గన్ భాగాలు లగేజీలో పెట్టుకోకండి. డబ్బు పంపండి, సరుకు అక్కడి క్లబ్బు ద్వారా, కాగితాలతో కొనిపించండి. వర్క్ పర్మిట్ పోతే ఏ పతకమూ తిరిగి తేలేదు.

రెండు, సీసం. పెల్లెట్ పట్టుకున్న చేతులతో తినకూడదు, పెల్లెట్లు నోట్లో పెట్టుకోకూడదు. పాత పెయింటు గీకేటప్పుడు మాస్కు ఎందుకు పెడతామో పిల్లలకూ చెప్పండి. సబ్బుతో చేతులు కడగడం టిన్ను రేటులో కలవని ఖర్చు, కానీ తప్పనిది.

మీ ఇంట్లో కూడా ఆట నేర్చుకునే పిల్లలు ఉండే ఉంటారు. క్రికెట్ బ్యాటు, బ్యాడ్మింటన్ రాకెట్, పరుగుల బూట్లు, ఏదో ఒకటి ఫోన్‌లో అడుగుతూనే ఉంటారు. పంపే ముందు వాళ్ల కోచ్‌ను ఒక్క మాట అడగండి: ఇప్పుడు మావాడిని ఆపుతున్నది సామానా, సాధనా? వచ్చిన జవాబు మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని వినిపిస్తాను. సైటులో జాగ్రత్త, హెల్మెట్ బెల్టు బిగించుకోండి.